నాలుగు జీబీ కార్డు

“పోయినేడు పదకొండు వేలన్న నాలుగు జీబీ గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు పద్దెనిమిదా? ఇదేటి గణపతన్నా, అన్యాయం కాదేటి?”

ఆమదాలవలస కంప్యూటర్ల షాపులో బల్ల మీద చరిచి అడిగాడు తిరుమలరావు. రైస్ మిల్లులో గుమస్తా. ఏడాది పాటు దాచుకున్న పన్నెండు వేలు జేబులో ఉన్నాయి.

“నన్నేటి సెయ్యమంటావు? బిట్‌కాయిన్ల పేరుతో కంప్యూటర్లో డబ్బు పుట్టించడానికి ఈ కార్డులే కావాలంట, పెద్ద ఊళ్ళోళ్ళు లాట్లకి లాట్లు ఎత్తుకుపోతన్నారు. ఆటలాడుకునే మీలాంటోళ్ళకి మిగల్లేదు. ఈ రెండు జీబీది పట్టుకెళ్ళు, పదకొండే,” అన్నాడు షాపు గణపతిరావు.

“రెండు జీబీతో కొత్త ఆటలు ఆగి ఆగి నడుస్తాయి. శత్రువు మీదకొచ్చి కాల్చేదాకా నాకు కనపడడు. అలాంటిదానికి పదకొండు వేలా?”

అంతలో ఒకమ్మాయి లోపలికొచ్చి, సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

“బాబాయ్, నీ దగ్గర కొన్న నాలుగు జీబీ కార్డు. అమ్మీడానికి తెచ్చాను.”

“ఏటే హేమా, అంత ముచ్చటపడి కొన్నావు కదే?”

ఆమె తలొంచుకుంది. “అవసరం పడింది.”

“తొమ్మిదిస్తాను.”

తిరుమలరావు గబగబా ముందుకొచ్చాడు. “అది నాకిస్తారేటండీ?”

“ఆడుకోడానికా, మళ్ళీ అమ్ముకోడానికా?”

“ఆడుకోడానికే.”

“అయితే నేను కొన్న రేటే, పదకొండు వేలివ్వండి.”

“పిచ్చి పిల్లా! బయట పదిహేనొస్తాదే,” అన్నాడు గణపతిరావు.

“ఏడాది వాడీసిన దానికి ఎక్కువెలా అడగను బాబాయ్?”

తిరుమలరావు జేబులో ఉన్న పన్నెండూ తీసి ఆమె చేతిలో పెట్టాడు. వద్దన్నా వినలేదు. ఆమె పెట్టెను ఒకసారి తడిమి, నౌపడ వెళ్ళే పాసింజరు అందుకోవాలని గబగబా వెళ్ళిపోయింది.

సాయంత్రం కార్డు బిగించి ఆట తెరిచాడు. దూరాన ఉన్న చెట్ల ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తుంటే తిరుమలరావుకి ప్రాణం లేచొచ్చింది. ఈ సంగతి ముందు ‘కెరటం’కే చెప్పాలి. ఆ పేరుతో ఆడేవాడు ఏడాదిగా ఆటలో అతనికి జోడీ. మైకు లేదంటాడు, అన్నీ టైపు చేసే మాటలే. ముఖం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. కానీ తనను కాపాడబోయి ఎన్నిసార్లు చచ్చిపోయాడో లెక్కలేదు.

“నాలుగు జీబీ కార్డు పెట్టాను బావా! ఇకమీదట నేనే ముందు. నువ్వు నా వెనకాల రా,” అని రాశాడు.

చాలాసేపటికి జవాబొచ్చింది.

“నేనింక రాలేను బావా. నాన్న బోటు ఇంజను పాడైంది, పొద్దున్న ఆమదాలవలస వెళ్ళి నా కార్డు అమ్మీసాను. ఇది ఫోన్లోంచి రాస్తన్నాను. ఇన్నాళ్ళూ నన్ను మగోడనుకున్నావు, ఏటనుకోకు. నా పేరు హేమ.”