పెద్దమేడం డాన్సు

“సువార్తమ్మా! ఏంటా పని?”

అరబ్బు దేశంలో, జల్లాఖ్ అనే ఊళ్లో సముద్రం పక్కనున్న ఆ ఇంటి వంటింటి గుమ్మంలోనే ప్రేమయ్య కాళ్లు ఆగిపోయాయి. హాల్లో రికార్డు తిరుగుతోంది. ఎవరో మగమనిషి జీరగొంతుతో పాడుతున్నాడు. ఆ పాటకి ఇంటి పనిమనిషి సువార్తమ్మ, పెద్దమేడం ఒకరినొకరు పట్టుకుని ఊగుతున్నారు. పెద్దమేడం అమెరికా నల్లజాతి ఆవిడ, తల ముగ్గుబుట్ట. సువార్తమ్మ చూస్తే శుక్రవారం ఆరాధనలో కళ్లు తెరవకుండా ప్రార్థన చేసే మనిషాయె!

తను పనిచేసే తుబ్లీ వర్క్‌షాపు నుంచి టాక్సీలో వస్తూ దారి పొడుగునా ప్రేమయ్య మాటలు కూడగట్టుకుంటూనే ఉన్నాడు. పొద్దున ఊరి నుంచి ఫోనొచ్చింది. సువార్తమ్మ ఒక్కగానొక్క కొడుకు మణి ఈతకెళ్లి కాలవలో మునిగి చనిపోయాడు. ఆ కబురు తల్లికి చెప్పాల్సిన పని సంఘపెద్దగా తన నెత్తిన పడింది. గుండె రాయి చేసుకో తల్లీ అని మొదలుపెడదామనుకున్నాడు. తీరా వచ్చి చూస్తే ఇదీ వరస. దుఃఖం ఎటు పోయిందో గానీ ఒళ్లు మండిపోయింది.

“వందనాలన్నయ్యా,” అంది సువార్తమ్మ. చేతులు మాత్రం వదల్లేదు.

“నీ వందనాలు నాకెందుకు? బాప్తిస్మం తీసుకున్నదానివి, పట్టపగలు డాన్సులా? రేపు ఆరాధనలో నీకు ప్రభువు బల్ల రొట్టె ఎట్టా ఇచ్చేది?”

“మెల్లగా అన్నయ్యా. ఇది కులుకులాట కాదు. బ్లూస్ అంటారంట. వీళ్ల తాతలు మనలాగే పత్తి చేలల్లో చాకిరీ చేసినోళ్లు. వారమంతా దొరల కింద పడి, శనివారం పూట చెక్కల పాకలో చేరి ఇట్టా అడుగులేసేవోళ్లంట.”

“తాగి తందనాలాడ్డానికేగా!”

“తాగినోళ్లూ ఉంటారు. ఏడవటానికి ఇంకో చోటు లేనోళ్లూ ఉంటారు గదన్నయ్యా.”

ప్రేమయ్య అప్పుడు సరిగ్గా చూశాడు. ఆ అడుగులు ఎటూ పోవడం లేదు. ఒంటి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతోంది, పాదాలు నేలను రాసుకుంటూ ఉన్నచోటే కదులుతున్నాయి, అంతే. పెద్దమేడం మొహం సువార్తమ్మ భుజంలో దాచుకుంది. సువార్తమ్మ జాకెట్టు అక్కడ తడిసి ముద్దయింది.

“పోయిన నెల అమెరికాలో ఈమె కొడుకు పోయాడు,” అంది సువార్తమ్మ గొంతు తగ్గించి. “ఆనాటి నుంచి కన్ను తడవలేదు, మెతుకు దిగలేదు. ఈ పాట పెట్టి నన్ను పట్టుకుంటేనే ఆ నాలుగు చుక్కలూ రాలతాయి. ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు వాలితే ఎవరూ పడిపోరంట. ఇందులో పాపముంటే ప్రభువు నన్నే అడుగుతాడులే.”

ప్రేమయ్యకి తల కొట్టేసినట్టయింది. ఇంత మాటన్న నోటితోనే ఇప్పుడు ఆ మాట కూడా చెప్పాలి.

“బిడ్డ పోయాక తల్లి ఎట్టా బతుకుద్దో అన్నయ్యా!” అంది సువార్తమ్మ. “మా మణిగాడికి జొరమొచ్చిందంటేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. దేవుడి దయ, వాడు చల్లగా ఉన్నాడు. ఇంతకీ డ్యూటీ మానుకుని ఇంత దూరం వచ్చారేంటి?”

ప్రేమయ్య నోరు తెరిచాడు. “తల్లీ...” అన్నాడు. కళ్లు నిండిపోయాయి.

“ఏందన్నయ్యా?”

తెలుగు ముక్క రాని పెద్దమేడం తలెత్తి ప్రేమయ్య మొహంలోకి చూసింది. చూసి, చీరచెంగుతో తన కన్నీళ్లు తుడవబోతున్న సువార్తమ్మ చెయ్యి పక్కకు తీసి, ఆమె తలను తన భుజానికి గట్టిగా అదుముకుంది.