మంచం కోడు పిడి

“నంబరు సూసుకోప్పా,” అన్నాడు స్టేషన్ రైటరు, నా పిస్టల్‌ను బల్ల మీద నా వైపు తోస్తూ. “మీ బావమరిది నిన్ననే వచ్చి వానిది తీస్కపోయినాడు.”

“కన్నబిడ్డను బర్త్ సర్టిఫికెట్టు చూసి గుర్తుపడతామా సార్?” అన్నాను.

అక్కడున్న నలుగురూ నవ్వారు. ఇలాంటి మాటలు నాకు బాగా వస్తాయి. రానిదల్లా గురి.

పెళ్లిరోజు మరిచిపోయి నా భార్య ఇంద్రాణి చేత రెండుసార్లు తిట్లు తిన్నాను. కానీ నా పిస్టల్ నంబరు 4117 అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఎన్నికలొస్తే మా వైపు లైసెన్సు ఆయుధాలన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. పెద్దోళ్ల డబుల్ బ్యారెళ్లయినా, నా చిన్న పాయింట్ టూటూ పిస్టలైనా ఒకటే లెక్క. ఇది పేలితే పక్క చేలో కాకి కూడా లేవదు. కాగితం మీద నల్లచుక్కను కొట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. నా చేతిలో అందుకూ పనికిరాలేదు.

ఏడేళ్ల కిందట నేనూ, ఇంద్రాణి తమ్ముడు నాగేశ్వరా ఒకే షాపులో ఒకే రకం పిస్టళ్లు కొన్నాం. తాడిపత్రి దగ్గర పాడుబడిన బండల క్వారీలో మా షూటింగ్ క్లబ్బు రేంజి. ఏటా పోటీ పెడతారు. నల్లబండతో చేసిన ఆ కప్పు ఏడేళ్లూ నాగేశ్వర ఇంటికే పోయింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వాడిని ఓడించాలి. శనక్కాయ బాగా పండాలన్న కోరిక కూడా నాకు దీని తర్వాతే.

వాడు పిస్టల్‌ను చూసుకునే తీరుకు నాకు కడుపు మండుతుంది. తుడవడు. నూనె వేయడు. పిడికి సైకిల్ ట్యూబు చుట్టి, సంచిలో శనక్కాయల మధ్య పడేస్తాడు.

నేనలా కాదు. రోజూ మెత్తటి గుడ్డ, బ్రష్షు, రెండు చుక్కల నూనె. ట్రిగ్గరు బరువుగా ఉందని లోపలి స్ప్రింగు ఒక చుట్టు కత్తిరించాను. మరీ తేలికైందని ఇంకోటి వేశాను. అదీ కుదరక సాగదీశాను. యూట్యూబులో ఎవడేం చెబితే అది చేశాను.

“దాన్ని కాల్చేకి కొంటివా, కోసేకి కొంటివా?” అనేది ఇంద్రాణి, దుప్పటి మీద పరిచిన ముక్కలు చూసి.

అంతకుముందు ఎన్నికల్లో స్టేషన్ గదిలో ఎలుకలు మా చెక్క పిడులు కొరికేశాయి. అందుకే ఈసారి క్లబ్బులో అందరం పిడులు ఊడదీసి ఇంట్లో పెట్టుకుని, ఒట్టి ఇనుము మాత్రం అప్పగించాం. అది స్టేషన్‌లో ఉన్న మూడు నెలలూ నేను ఊరికే కూర్చోలేదు. మా జేజి మంచం కోడు, మంచి టేకు, వడ్రంగి యేసన్న దగ్గరికి తీసుకుపోయాను. నా అరచేతి అచ్చు తీసుకుని చెక్కడం మొదలుపెట్టాడు. బొటనవేలికి గుంట, చిటికెన వేలికి మెట్టు. పదకొండుసార్లు తిరిగాను.

“ఏమన్నా, కాళ్లకు చెప్పులన్నా ఇట్ల కుట్టించుకుంటివా ఎప్పుడైనా?” అన్నాడు యేసన్న.

పిస్టల్ ఇంటికి తెచ్చి చూస్తే గొట్టం నిండా మసి. మూడు నెలల్లో ఇంత మురికి పట్టించారా అని స్టేషన్ వాళ్లను తిట్టుకుంటూ రెండు రోజులు శుభ్రం చేశాను. కొత్త పిడి బిగించాను.

ఆ ఆదివారం మొదటి గుండు నల్లచుక్కకు నట్టనడుమ దిగింది. రెండోది దాని పక్కనే. పదోది కూడా నల్లచుక్క దాటిపోలేదు. కలిసొచ్చింది కదా అని ఆ రోజు నుంచి స్క్రూడ్రైవరు ముట్టలేదు. తుడవడం, నూనె వేయడం, అంతే.

ఇక నా నోరు ఆగలేదు. పిడి మహిమ గురించి క్లబ్బులో అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను.

అదే సమయంలో నాగేశ్వర గురి తప్పసాగాడు. వాడు ఎండలో ఊరూరా తిరిగి ప్రచారం చేసిన అభ్యర్థి ఓడిపోయాడు. ఆ దిగులుతోనే చేయి కుదరడం లేదని అందరం అనుకున్నాం.

పోటీలో మూడు వందలకు నాకు రెండు వందల అరవై ఎనిమిది. వాడికి రెండు వందల పన్నెండు. నల్లబండ కప్పు నా చేతుల్లో పెట్టారు. మైకు కూడా ఇచ్చారు, అదే వాళ్లు చేసిన పొరపాటు.

“పనిముట్టును ప్రేమించినోని మాటే అది వింటుంది,” అన్నాను, నాగేశ్వర వైపు చూస్తూ.

వాడు తల దించుకున్నాడు. నాకు సిగ్గు వేసి ఉండాల్సింది. వేయలేదు. చాలా హాయిగా ఉంది.

మరుసటి ఆదివారం సంచి పట్టుకుని వాడే మా ఇంటికొచ్చాడు.

“ఇంక దీన్ని అమ్మేస్తా బావా. కాల్చేది ఇడిసిపెడతాండా. నా చెయ్యి పోయింది.”

నాకు మనసు కలుక్కుమంది. వాడు ఓడిపోవాలని కోరుకున్నాను కానీ మానేయాలని ఎన్నడూ అనుకోలేదు. వాడు లేకపోతే నేనెవరిని ఓడించాలి?

“నీ చెయ్యికేం కాలేదు లేప్పా. పిస్టల్‌ను ఎట్ల పెట్టుకున్యావో సూడు! ఇట్ల తే, నేను బాగుచేసిస్తా,” అన్నాను.

“అక్కా, బావ మళ్లా పాఠం మొదలుపెట్నాడు,” అని వాడు వంటింట్లోకి కేకేశాడు. చాలా రోజులకు నవ్వాడు.

దుప్పటి పరిచాను. పిస్టల్‌కు అంటిన శనక్కాయ పొట్టు దులిపాను. సైకిల్ ట్యూబు చుట్టిన పిడి విప్పాను. ఆయుధాన్ని బిడ్డలా ఎలా చూసుకోవాలో వాడికి వివరిస్తూ, నంబరు మీద పేరుకున్న జిడ్డును నూనెగుడ్డతో గట్టిగా రుద్దాను.

జిడ్డు కింద నుంచి ఒక్కో అంకే తేలింది: నాలుగు, ఒకటి, ఒకటి, ఏడు.