లకుముకి పిట్ట

పోటీలో చివరికి రెండు బొమ్మలు మిగిలాయి. ఒకటి రేకు ముక్కలతో చేసిన కొంగ. రెండోది గుడ్డలు, కాగితాలు, జుట్టు అతికించి చేసిన లకుముకి పిట్ట. గెలిచినవారికి పెద్ద గ్యాలరీలో సొంత ప్రదర్శన.

కొంగ, దుకాణాల బోర్డులు రాసే పెద్దాయనది. పిట్ట, డ్రాయింగ్ టీచరుది. ఆమె ఏటా పంపుతుంది. ఇంతవరకు ఒక్క బొమ్మా గోడకెక్కలేదు.

“త్వరగా తేల్చండమ్మా, పొద్దుట్నుంచి నా కొంగ ఒంటికాలి మీదే ఉంది,” అన్నాడు పెద్దాయన.

న్యాయనిర్ణేత నవ్వి, పిట్ట రెక్క దగ్గరికి వంగింది.

“ఈ నీలం గుడ్డ ఏమిటమ్మా?”

“మా అమ్మాయి స్కూలు గౌను.”

“పొట్ట దగ్గరిది?”

“పుట్టినరోజుకి కొన్నది. ఒక్కసారే వేసుకుంది. ముక్కు తన పెన్సిలు. కాళ్లు తన పిన్నులు.”

న్యాయనిర్ణేత వేలు పిట్ట వీపు మీద ఆగింది. అక్కడ జడను జడగానే అతికించారు. కొసన రిబ్బను కూడా ఉంది.

“ఇదీ...?”

“తనదే. నేనే కత్తిరించాను.”

న్యాయనిర్ణేత వేలు వెనక్కి తీసుకుంది.

“ఎన్నేళ్లమ్మా పాపకి?”

“తొమ్మిది.”

టీచరు పక్కనున్న చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుంది. “చాలక్కా. ఇంక చెప్పకు.” చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అడుగుతున్నారు కదే, చెప్పనీ.” టీచరు చెయ్యి విడిపించుకుంది. “ఇంట్లో తనవి ఇంకేం మిగల్లేదండీ. ఉన్నవన్నీ దీంట్లోనే పెట్టేశాను.”

పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. ఎవరినీ అడక్కుండా వెళ్లి కొంగను గోడ మీంచి దించాడు.

“ఆ తల్లికివ్వండమ్మా. రేకుదేముంది, రేపైనా దొరుకుతుంది.”

“మీరూ ఏళ్ల తరబడి పంపుతున్నారు కదండీ?” అంది న్యాయనిర్ణేత.

“పంపుతాన్లెండి. నాకేం తొందర.”

న్యాయనిర్ణేత టీచరును దగ్గరికి తీసుకుంది. “ధైర్యంగా ఉండు తల్లీ. పాప ఎక్కడికీ పోలేదు, దీంట్లోనే ఉంది.”

టీచరు తలూపింది. ఫొటోలు తీశారు. చెల్లెలు ఒక్క ఫొటోలోనూ నిలబడలేదు.

టీచరు వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

“గెలిచావా అమ్మా, అయితే వచ్చేటప్పుడు నాకు వేసుకోవడానికి ఏమైనా తెస్తావా?” అని అడిగింది కూతురు.