వీరాస్వామి కొలత

గుండె ఆపరేషనయిన ప్రతివాళ్ళకీ కాలికి అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టి ఇంటికి పంపే రోజులవి. ఆ పట్టీ చెప్పిన అడుగుల్ని బట్టి, తరవాతి రోగులు రోజుకెంత నడవాలో ఆసుపత్రి యంత్రమే తేల్చేస్తుంది.

నడిస్తే కుట్లు పిగిలిపోతాయని, ఆపరేషనయి ఇంటికొచ్చిన టైలర్ వీరాస్వామి భయం. ఎన్ని కుట్లు పిగలడం చూడలేదు తను! అందుకని పట్టీ విప్పి భార్య నాంచారమ్మ కాలికి కట్టాడు. ఆవిడ పొద్దస్తమానం మిషను తొక్కుతుంటే అడుగులు వేలకు వేలు పడ్డాయి.

మూడో వారం నర్సు శారోను ఫోను తెర మీద నవ్వుతూ కనిపించింది.

"బాబాయ్, పెద్దాసుపత్రిలో అయితే వేలమంది లెక్కలో నీది కలిసిపోయేది. మన చిన్నాసుపత్రిలో జరిగిన ఆపరేషన్లు తొమ్మిదే కదా, అందరికంటే ఎక్కువున్న నీ నడకే అందరికీ కొలతయింది! నీ తరవాతివాళ్ళు నీతో మాట్లాడతారంట."

తెర మీదికి ఐదుగురు వచ్చారు. రొమ్ము మీది కుట్లను ఒక చేత్తో అదిమిపట్టుకుని, రెండో చేత్తో దండం పెట్టారు.

"నీ అంత నడవలేక చస్తన్నామన్నా," అన్నాడొకడు రొప్పుతూ. "ఈ ఆయాసం నీకెన్నో రోజుకి తగ్గింది?"

వెనక మిషను చప్పుడు ఆగింది. వీరాస్వామికి తల కొట్టేసినట్టయింది.

"నాకింకా రానేలేదు తమ్ముడూ," అన్నాడు. "నేనింకా గడప దాటలేదు."