జేగురు గీత

తమ్ముడికి,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మరదలి దగ్గు తగ్గిందా? మనవరాలికి మళ్లీ జ్వరం రాలేదు కదా? మీరంతా బాగుంటే సరే. నిన్ను తిట్టడానికే ఈ కార్డు.

కాలువలకు నీళ్లిచ్చే మన జలాశయం చరిత్ర రాస్తున్నావట. మునిగే ఇళ్ల గోడలకు జేగురు గీత గీసిన సర్వేయరు మన ఇల్లొక్కటే వదిలేశాడని, గీత లేదని ఖాళీ చేయించేవాళ్లు రాలేదని, జ్వరంతో పడుకున్న నాన్న అందుకే నీళ్లలో పోయాడని రాశావట. ఎవరడిగారు నిన్ను?

నిన్న సర్వేయరు కూతురు నా గుమ్మంలోకొచ్చింది. "గీత గీశానని మా నాన్న చచ్చేదాకా మొత్తుకున్నాడు పెద్దమ్మా. ఆ ముక్క తీసేయమని మీ తమ్ముడికి చెప్పండి" అంది.

"తాగుబోతు మాటలు నాకు చెప్పకు, పో" అని తలుపేశాను. అప్పట్నుంచి నాకు ముద్ద దిగడంలేదు.

ఆ ముక్క కొట్టెయ్. అతను గీశాడు. గీత లేకపోతే మన ఇంటికి నీళ్లు రావనుకుని, ఏడేళ్లదాన్ని, తడిగుడ్డతో నేనే తుడిచేశాను.

నువ్వు నా మొహాన తలుపేసినా సరే, ఆ పిల్లని వెంటబెట్టుకుని పన్నెండో తారీఖున వస్తున్నాను.

అక్క