మార్త అడిగిన మాట

ఈస్టరు ముందు శ్రమకాలపు బైబిలు పాఠం ఆ సాయంత్రం మా మిరప కల్లంలో పెట్టారు. మనిషికో వచనం చదువుతున్నాం. తమ్ముడు లాజరు చనిపోయాక వచ్చిన ప్రభువును, 'నువ్విక్కడ ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు' అని మార్త నిలదీసే వచనం నా వంతుకు వచ్చింది. చదివి, బైబిలు మూసేశాను.

"మూస్తే ఎట్లా బాబాయ్? తర్వాత లాజరు బతికి లేస్తాడుగా," అన్నారు పాస్టరయ్యగారు.

"నా భార్య లేవలేదండి."

"దేవుణ్ణే నిలదీస్తావా ఏందిరా?" అన్నాడు సంఘపెద్ద యాకోబు.

"దేవుణ్ణి కాదురా, నిన్ను. జ్వరంతో మాట పడిపోయిన మనిషిని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తా, ట్రాక్టరివ్వమంటే ప్రార్థన చాలన్నావు. డీజిలు మిగిలిందా?"

అయ్యగారు తడబడ్డారు. "అందరం ప్రార్థన చేసుకుందాం."

అందరూ తలలు వంచారు. యాకోబు భార్య సువార్తమ్మ మాత్రం తలమీది కొంగు తీసేసింది.

"ప్రార్థన తర్వాతండి, అయ్యగారూ. ముందు ఈయన్ని జవాబు చెప్పనీయండి."