తలుపు పక్క కుర్చీ

"వచ్చేశారు సార్!" అంటూ అటెండరు రొప్పుతూ గదిలోకి దూసుకొచ్చాడు. "బూడిదరంగు చొక్కా, చంకలో ఫైలు. గేటు దగ్గర నిలబడి మన బోర్డు మొత్తం చదువుతున్నారు."

ప్రిన్సిపాల్ దిగ్గున లేచాడు. గడియారం చూస్తే పావుతక్కువ పది. తనిఖీ అధికారి పదింటికి వస్తారనీ, కాలేజీని ఉంచాలో మూయాలో ఆ అధికారి ఇచ్చే నివేదికను బట్టే తేలుస్తామనీ పై ఆఫీసు ఉత్తరంలో ఉన్నది రెండే వాక్యాలు. వచ్చేదెవరో పేరైనా రాయలేదు.

"ఇంకోమాట సార్," అన్నాడు అటెండరు. "పొద్దున్నే ఒకావిడ వచ్చారు, కాస్త పెద్దవయసే. మన పద్ధతి ప్రకారం వైరింగ్ క్లాసులో కూర్చోబెట్టాను. ఏదో చెప్పబోయారు గానీ, మాస్టారు అప్పటికే చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టేశారు."

"మంచిపని చేశావు. ఆవిడ సంగతి తర్వాత చూద్దాం," అంటూనే ప్రిన్సిపాల్ గేటు దగ్గరికి పరుగులాంటి నడక నడిచాడు.

వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. చేయి కలిపితే అరచేయి గరుకుగా తగిలింది. తోటపని సరదా ఉందేమో అనుకున్నాడు ప్రిన్సిపాల్.

"నమస్కారం సార్. నేను వచ్చిన పని..."

"తెలుసు సార్, తెలుసు. ముందు అంతా చూడండి. మీరు చెప్పాల్సింది ఆఖర్న చెబుదురుగాని."

ఆయన తటపటాయించాడు. "వచ్చినవాళ్ళందరికీ ఇలాగే తిప్పి చూపిస్తారా?"

"అందరికీ సార్. మా దగ్గర దాపరికం లేదు."

ఇంత మర్యాదగా మాట్లాడే అధికారులే చివరికి కొంప ముంచుతారని ప్రిన్సిపాల్ అనుభవం. అందుకే వరండాలో అడుగుపెట్టగానే ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టాడు.

"ఇది ఒకప్పుడు నూలు మిల్లు గోదాం సార్. నలభై ఏళ్ళ కిందట మిల్లు మూతపడి ఆరొందల మంది వీధిన పడ్డారు. అక్కడి ఫోర్‌మన్ గారు ఊరుకోలేక పదకొండు మందితో ఇక్కడ మోటార్ల రిపేరు క్లాసు పెట్టారు. మొదటి వారంలోనే ఒక కార్మికుడు గుమ్మం దాకా వచ్చాడు. 'ఏం చదివావు, కాగితాలేవి?' అని ఎవరో అడిగారు. అంతే, మారుమాట్లాడకుండా వెనక్కి తిరిగాడు."

"మళ్ళీ రాలేదా?"

"రాలేదు సార్. మర్నాడే ఫోర్‌మన్ గారు ఈ మాట రాయించారు."

గోడమీద పెద్ద అక్షరాలు: వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టండి. తర్వాత అడగండి.

ఆయన పెదవులు కదుపుతూ దాన్ని రెండుసార్లు చదివాడు.

"అప్పట్నించీ ప్రతి క్లాసులో తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంచుతాం సార్. 'చోటు లేదు' అన్నమాట ఎవరి చెవినా పడకూడదని."

"మధ్యలో చదువు ఆపేసినవాళ్ళు?" అన్నాడాయన హఠాత్తుగా.

ప్రిన్సిపాల్ అబద్ధం చెబుదామా అనుకుని, చెప్పలేకపోయాడు. "పోయినేడు నలభై మంది మానేశారు సార్."

"మానేసి మళ్ళీ వస్తే?"

"అదే కుర్చీ."

"యాభై దాటినవాళ్ళు ఉన్నారా?"

"తొమ్మిది మంది."

"కుర్రాళ్ళు నవ్వరూ?"

"మొదటివారం నవ్వుతారు. రెండోవారం నుంచి వాళ్ళ పక్కనే చేరి డౌట్లు అడుగుతారు."

ఆయన ఫైలు తెరిచి, ఒకసారి చూసుకుని, మళ్ళీ మూశాడు. ప్రిన్సిపాల్ మెడ సాచినా ఏమీ కనబడలేదు.

వెల్డింగ్ షెడ్డులో కప్పు కారుతోంది. కింద పెట్టిన బకెట్టుకు అడ్డంగా నిలబడి ప్రిన్సిపాల్ నవ్వుతుంటే, టప్పున ఒక చుక్క తన బట్టతల మీదే పడింది. వచ్చినాయన కప్పు వంక చూశాడు. ప్రిన్సిపాల్ గబగబా బయటికి దారితీశాడు.

తిరిగి గదిలోకి రాగానే ఇక ఆగలేకపోయాడు. "ఇరవై రెండేళ్ళుగా ఇదే నా బతుకు సార్. దీన్ని మూసేస్తే, ఇంకో కాలేజీ డెబ్భై కిలోమీటర్ల దూరం. వీళ్ళలో సగం మంది అక్కడికి వెళ్ళరు. ఆ కార్మికుడిలాగే వెనక్కి తిరుగుతారు."

"మూసేస్తారా?" ఆయన ముఖం పాలిపోయింది.

"అది మీ చేతుల్లో ఉంది."

"నా చేతుల్లో ఏముంది సార్!"

వేటు వేసేముందు పెద్దవాళ్ళు అనే మాటే అది. ప్రిన్సిపాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో అటెండరు తలుపు తోసి తొంగిచూశాడు. "సార్, వైరింగ్ క్లాసు ఆవిడ బల్బు వెలిగించారు! చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. 'ఇలాంటి చోటుని మూయడమేమిటి' అంటూ గబగబా ఏదో రాసుకుంటున్నారు. మిమ్మల్ని కలవాలట."

"ఉండమనవయ్యా! ఇక్కడ నా ప్రాణం పోతుంటే..." అని కసిరి, ప్రిన్సిపాల్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇక చెప్పండి సార్. మీ మాట కోసమే చూస్తున్నాను."

ఆయన ఫైలు తెరిచాడు. నాలుగు మడతల పాత బడి సర్టిఫికెట్టు ఒకటే ఉంది అందులో. దాన్ని జాగ్రత్తగా విప్పి బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మరి నన్ను ఏ క్లాసులో కూర్చోబెడతారు సార్?"